ఎస్‌సీటీవీ రివ్యూ: చానల్ ఓనర్‌నే ఎక్కిరించిన కామెడీ

కేబుల్ ఫీల్డుల పనిచేసినోళ్లు, నెల నెల పైసల కోసం ఇంటింటికి తిరిగినోళ్లు, స్తంభం ఎక్కి వైర్ గుంజినోళ్లు, ఆఫీస్‌ల కూసొని స్క్రోలింగ్ టైపు కొట్టినోళ్లు ఎవరన్న ఉంటే ముందు మీకే చెప్తున్న, ఎస్‌సీటీవీ (సెకండ్ సిటీ టెలివిజన్) అని ఒక పాత కెనడా కామెడీ షో ఉన్నది, ఇడిసిపెట్టకుండ చూడుర్రి. మిగతావాళ్లకు కూడ నచ్చుతది గాని మనకు నవ్వొచ్చే జాగలు వేరే ఉంటయి. నాకైతే నవ్వుతో పాటు జర కోపం కూడ వచ్చింది, ఎందుకంటే 1976ల వాళ్లు పట్టుకున్న ముచ్చటను మన తెలుగు టీవీల ఇప్పటిదాక నేను చూసినంతల ఎవ్వరు పట్టుకోలే.

ముందు అసలు ఇదేందో చెప్త. సెకండ్ సిటీ అని చికాగోల 1959ల మొదలైన కామెడీ నాటకాల కంపెనీ, స్టేజి మీద అప్పటికప్పుడు అల్లి నవ్విచ్చుడు వాళ్ల పని, దానికి 1973ల టొరంటోల ఇంకో బ్రాంచి పడ్డది. 1975ల అమెరికాల సాటర్డే నైట్ లైవ్ అనే టీవీ కామెడీ షో మొదలుకాంగనే వీళ్ల దగ్గర తయారైన మంచి మంచి యాక్టర్లు అటు పోవుడు షురూ అయింది. మనమే సొంతంగ ఒక షో పెట్టుకోకపోతే ఉన్నోళ్లు కూడ మిగలరని 1976 సెప్టెంబర్‌ల గ్లోబల్ అనే కెనడా నెట్‌వర్క్‌ల అరగంట షో మొదలుపెట్టిండ్రు. చేతుల పైసలు తక్కువ. సెట్ చూస్తే అట్టముక్కలని తెలిసిపోతది, విగ్గు చూస్తే విగ్గని తెలిసిపోతది. అప్పుడు వాళ్లు చేసిన తెలివైన పనేందంటే, ఆ పేదరికాన్నే కథ చేసిండ్రు. మెలన్‌విల్ అని లేని ఊరు, ఆ ఊర్ల ఎస్‌సీటీవీ అని ఒక పైసల్లేని చానల్, ఆ చానల్ల పొద్దుగాల నుంచి రాత్రి మూసేదాక ఏమేం వస్తయో అదే షో. సెట్ చిల్లరగ ఉంటే తప్పు షోది కాదు, ఆ చానల్ ఓనర్ పిసినారోడు కాబట్టి అట్ల ఉంది, అయిపోయింది.

దాంతోని ఇంకో లాభం కూడ వచ్చింది, ఇది స్కిట్లు రాసే తమ్ముళ్లు గట్టిగ పట్టుకోవాలె. స్కిట్‌కు పెద్ద తలనొప్పి ఎండింగ్, మొదలు మస్తుగ ఉంటది, నడుమ నడుస్తది, ఆఖరుకు ఎట్ల మూయాల్నో తెల్వక ఒకరినొకరు కొట్టుకుంటరు లేకపోతే పాటకు డాన్స్ చేస్తరు. ఎస్‌సీటీవీల ఆ బాధ లేదు, జోకు అయిపోంగనే ప్రోమో పడ్తది, లేకపోతే యాడ్ పడ్తది, లేకపోతే వార్తలు. అర నిమిషం సరిపోయే జోకును అర నిమిషమే వాడుతరు. పెరీ కోమో అని ఒక పాత అమెరికా సింగర్, అసలే నిమ్మళంగ పాడుతడని పేరు, ఆయన మీద ‘ఇంక బతికే ఉన్నడు’ అని ఒక ప్రోమో చేసిండ్రు, యూజీన్ లెవీ ఆ సింగర్ వేషంల డాన్సర్ల మధ్యల సోయి లేనట్టు పడి పాడ్తనే ఉంటడు, వాళ్లే లేపి అటిటు జరుపుతుంటరు. దాన్ని ఎనిమిది నిమిషాల స్కిట్ చేస్తే సచ్చిపోయేది. ప్రోమో కాబట్టి బతికింది.

ఇగ మనుషుల ముచ్చటకొస్తే, మీకు తెలిసిన మొఖాలే. జాన్ క్యాండీ, యూజీన్ లెవీ, ఆండ్రియా మార్టిన్, జో ఫ్లాహెర్టీ, డేవ్ థామస్, హెరాల్డ్ రామిస్, ఇంకా క్యాథరిన్ ఒహారా, అంటే హోమ్ అలోన్ల పిలగాన్ని ఇంట్ల మర్చిపోయి విమానం ఎక్కిన తల్లి ఉంటది చూడు, ఆమెనే. రిక్ మొరానిస్ 1980ల, మార్టిన్ షార్ట్ 1982ల కలిసిండ్రు. ఉన్నది గింతమందే, ఒక్కొక్కరు ఎన్ని వేషాలేస్తరో లెక్కనే లేదు.

నాకు అన్నిట్ల కంటె ఎక్కువ నచ్చింది చానల్ ఓనర్. గై కబయెరో అని పేరు, ఫ్లాహెర్టీ వేసిండు. తెల్ల సూటు, నెత్తిమీద టోపీ, చక్రాల కుర్చీల కూసొని తిరుగుతడు. కాళ్లకు ఏం కాలేదు, మంచిగనే ఉన్నయి. జనం గౌరవం ఇస్తరని కుర్చీల కూసుంటడు, ఆ సంగతి దాచుకోడు కూడ. అవసరం పడితే లేసి నిలబడ్తడు, మళ్ల ఏం జరగనట్టు కూసుంటడు, చుట్టున్నోళ్లు ఎవ్వరు ఏం అనరు. ఏం అంటరు, జీతమిచ్చేది ఆయన. మన దిక్కు లోకల్ చానల్ నడిపినోళ్ల దగ్గర ఎన్నడన్న పనిచేస్తే గీ ఒక్క సీన్‌కే మీకు పొట్ట చెక్కలయితది.

నేను వయసుల ఉన్నప్పుడు ఒక కేబుల్ ఆఫీస్‌ల కంట్రోల్ రూం చూసుకునేటోన్ని, ఆఫీస్ పేరు, ఓనర్ పేరు వద్దు, నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గర్ల అనుకోండ్రి. మాకు సొంత లోకల్ చానల్ ఉండేది. వార్తలు చదివే తమ్మి ఒకడుండె, చీరల షాపు యాడ్‌కు గొంతు గూడ వాడిదే, సాయంత్రం జనం ఫోన్ చేసి పాట అడిగే ప్రోగ్రాంల ‘హలో చెప్పండమ్మా’ అనేది వాడే, రాత్రి సీడీ పెట్టి సినిమా ఏసేది వాడే. వార్తలల్ల చావు కబురు చదివిన గొంతుతోనే పది నిమిషాలకు పెండ్లి పట్టుచీరలు చూడ రారండి అంటుండె. ఒకపారి సీడీ గీతలు పడి సినిమా ఆగిపోతే బోయవాడ దిక్కు నుంచి ఒక పెద్దమ్మ ఫోన్ చేసి, ‘తమ్మీ, ఇంటర్వెల్ ఇచ్చిండ్రా, అన్నం తినొచ్చునా’ అని అడిగింది. వాడు ‘తినమ్మా, జర మెల్లగ తిను’ అన్నడు.

అందుకని ఎస్‌సీటీవీల ఫ్లాయిడ్ రాబర్ట్‌సన్‌ను చూడంగనే నాకు వాడే కనవడ్డడు. ఫ్లాయిడ్ చానల్ల పెద్ద న్యూస్ రీడర్, సూటు బూటు, గంభీరమైన గొంతు. అదే మనిషి ఇంకో టైంల రక్తం తాగే దయ్యం వేషమేసుకొని కౌంట్ ఫ్లాయిడ్ అని పిల్లలకు దయ్యాల సినిమాలు చూపిస్తడు. దయ్యమేమో డ్రాక్యులా లెక్క రక్తం తాగే కౌంట్, అంటే దొర, అరుపేమో తోడేలు అరుపు, ‘ఊఊఊ’ అని. వచ్చే సినిమా ఒక్కటి కూడ భయపెట్టదు. పక్క చానల్లోడు ఇడిసిపెట్టిన సరుకు చవుకగ దొరికితే తెచ్చినట్టు ఉంటయి, ఒకపారైతే స్వీడన్ ఆర్ట్ సినిమా తీరుది, నలుపు తెలుపుల ఆడోళ్లు కిటికీల నుంచి చూసుకుంట కూసునేది వస్తది, అది అయిపోయినంక పాపం ఈ మనిషి చెమటలు తుడుసుకుంట ‘మస్తు భయమేసింది గదా పిల్లలూ’ అని అడుగుతడు. ఆ మొఖంల నవ్వుకు వెనకాల ఉన్న సిగ్గు చూడాలె, ఫ్లాహెర్టీ అక్కడ యాక్షన్ కాదు, నౌకరి చేసిండు. పక్కన కూసొని వార్తలు చదివే ఎర్ల్ కామంబేర్, యూజీన్ లెవీ, వాని బాధ ఇంకోటి, పెద్ద వార్తలన్ని ఫ్లాయిడ్‌కే పోతయి, వీనికి చిల్లర వార్తలు మిగుల్తయి, ఉడుక్కుంటనే ఉంటడు.

ఆ దయ్యాల ప్రోగ్రాంలనే డాక్టర్ టంగ్ అని 3డి సినిమాలు వస్తయి. మామూలు టీవీల 3డి ఏడికెల్లి వస్తది, అందుకని జాన్ క్యాండీ ఏదన్న సామాను పట్టుకొని మొఖాన్ని కెమెరా దగ్గరికి తెస్తడు, వెనక్కి పోతడు, మళ్ల దగ్గరికి తెస్తడు, వెనకాల వింత మ్యూజిక్ మోగుతుంటది. గంతే. అదే పని ఎన్నిసార్లు చేస్తడో, ఒకానొక టైంల నవ్వాగిపోతది, ఇంకా చేస్తనే ఉంటడు, మళ్ల నవ్వు మొదలైతది. అట్ల నవ్వాగి మళ్ల రావాలంటే యాక్టర్‌కు చానా గుండె కావాలె.

క్యాండీదే ఇంకో పాత్ర జానీ లారూ, బలిసిన, తాగే, ఖర్చు పెట్టే, తనను తాను పెద్ద స్టార్ అనుకునే మనిషి. ఓనర్‌ను ఎప్పటినుంచో అడుగుతుంటడు, నా ప్రోగ్రాంల ఒక్క క్రేన్ షాట్ తీయనీయి అని. రోడ్డుమీద మైకు పట్టుకొని జనాన్ని వాళ్ల బాధలడిగే చిల్లర ప్రోగ్రాం అది, దానికి క్రేన్ ఎందుకు, ఓనర్ ఒప్పుకోడు. ఆఖరుకు క్రిస్మస్ రాత్రి మంచుల, రోడ్డు మీద పురుగు లేదు, మాట్లాడనీకి ఒక్క మనిషి దొరకడు, లారూ తాగి కెమెరాకే తన బాధ చెప్పుకుంటుంటే శాంతా క్లాజ్ క్రేన్ తెచ్చిస్తడు, కెమెరా మెల్లగ పైకి లేస్తది. పిచ్చి జోకే గాని నాకు గొంతు పట్టుకుంది. నేను నిమజ్జనం లైవ్ టైంల మా ఓనర్‌ను ఒక ట్రైపాడ్ అడిగితే ‘చేతులకేమైందిరా నీకు’ అన్నడు. ఆ ఏడు నల్లగొండ జనం వినాయకుని ఊరేగింపు మొత్తం ఊగుకుంట చూసిండ్రు.

ఇప్పుడు ఒకరు అడుగుతరు, మన తెలుగుల పేరడీ లేదా అని. ఎందుకు లేదు. జెమినిల 2001ల వచ్చిన అమృతం ఇప్పటికీ పెట్టుకొని నవ్వే ఇండ్లున్నయి, ఈటీవీల 2013ల మొదలైన జబర్దస్త్‌ల సినిమా సీన్లు, సీరియళ్లు, వార్తల యాంకర్లు, టాక్ షోలు అన్నిటిని ఎక్కిరిచ్చిండ్రు, కొన్ని స్కిట్లు మస్తుంటయి కూడ. మన యాసల వార్తలు చెప్పిన వీ6 తీన్మార్, బిత్తిరి సత్తి ముచ్చట వేరే చెప్పనక్కర్లే. కాకపోతే వీటన్నిట్ల ఎక్కిరిచ్చేది తెర ముంగట ఉన్నోన్ని. తెర వెనకాల కూసొని ఏ ప్రోగ్రాం ఉండాలె, ఏది తీసేయాలె, ఎవని యాడ్ మూడుసార్లు పడాలె, ఎవని కొడుకు పుట్టినరోజు పొద్దంత స్క్రోలింగ్ పోవాలె అని చెప్పేటోడు స్కిట్లల్ల కనవడడు. ఎస్‌సీటీవీ పట్టుకున్నది ఆ మనిషిని. టీవీ ఎందుకు గింత చెత్తగ ఉంటదో అడిగిండ్రు, జవాబు ఓనర్ క్యాబిన్ల దొరికింది.

దీంట్ల సమ్మె ఎపిసోడ్ ఒకటి ఉంది. చానల్ల ఊడ్చి తుడిచేటోళ్లు సమ్మెకు దిగుతరు, ప్రోగ్రాంలు ఆగిపోతయి, దిక్కులేక కెనడా సర్కారు చానల్ సీబీసీ ప్రోగ్రాంలు తెచ్చి ఏస్తరు. జంతువుల మీద చిన్న డాక్యుమెంటరీ, మంచుల రాయి జరిపే కర్లింగ్ ఆట, ఇంకా అట్లాంటివే. చెత్త చానల్ చూసి తిట్టుకున్న మనకే, అమ్మా ఆ చెత్తే మళ్ల పెట్టుర్రి అనిపిస్తది. పాత దూరదర్శన్ చూసినోళ్లకు దీని రుచి వేరు.

అన్నిట్ల తలకాయ ఎపిసోడ్ మాత్రం రష్యాది. సోవియట్ సాటిలైట్ ఒకటి వీళ్ల సిగ్నల్ మధ్యల దూరి, మెలన్‌విల్ జనం టీవీలల్ల సీసీసీపీ వన్ అని రష్యా చానల్ వస్తది. ‘హే జార్జీ’ అని ఊరందరికి సాయం చేసే మంచోని సీరియల్, ట్రాక్టర్ మాట్లాడే కామెడీ, ఆఖరుకు రష్యాల ఏ దేశమెన్నిసార్లు పడ్తదో ఆడే గేమ్ షో, అన్నిట్ల అప్పుడు సోవియట్‌లనే ఉన్న ఉజ్బెకోళ్ల మీద తిట్లు. ఇది రష్యా మీద జోకు అనుకుంటం గాని జర చూస్తే అమెరికా సీరియళ్లనే రష్యా బట్టల్ల చూపిస్తున్నడని అర్థమైతది. కేబులోళ్లకు ఇంకో మజా, చానల్‌ను కేబుల్ల ఎక్కిచ్చే మాడ్యులేటర్ డబ్బాకు తప్పు వైర్ పెడితే ఒక చానల్ జాగల ఇంకో చానల్ వచ్చి ఊరంత ఫోన్లు మోగుతయి గదా, వీళ్లు ఆ పొరపాటును ఒక ఎపిసోడ్ మొత్తం లాగిండ్రు.

బాబ్, డగ్ మెకెంజీ అన్నదమ్ములది చెప్పకపోతే కెనడావాళ్లు ఊకోరు. 1980ల షో సీబీసీకి పోయినప్పుడు కెనడాల యాడ్‌లు తక్కువ కాబట్టి రెండు నిమిషాలు ఎక్కువ నింపాల్సి వచ్చింది, ఆ రెండు నిమిషాలల్ల ‘కెనడాతనం’ కనవడాలని పైనుంచి అడిగిండ్రు. మొరానిస్‌కు, డేవ్ థామస్‌కు మండింది. షూటింగ్ అయిపోయినంక కూసొని, ఊలు టోపీ, చలికోటు, బీరు సీసాలు, వెనకాల కెనడా మ్యాప్, పంది మాంసం వేపుకుంట ఏ పని లేని ముచ్చట్లు, మాటమాటకు కెనడావాళ్ల ఊతపదం ‘ఎహ్’ అనుకుంట. అడిగినోన్ని ఎక్కిరియ్యనీకి చేసింది అంత పెద్ద హిట్ అయ్యి 1981ల ఆల్బం వచ్చింది, 1983ల సినిమానే వచ్చింది. నాకు మన ముచ్చట యాదికొచ్చింది. పాత తెలుగు సినిమాలల్ల తెలంగాణ యాస కావాలంటే రౌడీకో కమెడియన్‌కో పెట్టేటోళ్లు. ‘మీ యాసల ఒక బిట్టు కొట్టు’ అని నన్ను కూడ హైదరాబాద్‌ల ఒకడు అడిగిండు. వానికి ఇట్ల రెండు నిమిషాలు బీరు సీసాతో కూసొని ఇస్తే బాగుండు.

ఇగ మా నల్లగొండోళ్లకు స్పెషల్‌గ ఫార్మ్ ఫిలిం రిపోర్ట్. ఇద్దరు రైతులు పొలం పని బట్టలేసుకొని సినిమాల రివ్యూ చేస్తరు, సినిమాల ఏదన్న పేలిందా లేదా అనేదే వాళ్ల లెక్క. పేలితే మంచి సినిమా, పేలకపోతే వేస్ట్. వచ్చిన గెస్టును కూడ ఆఖరుకు పేల్చేస్తరు, ‘మస్తు పేలింది’ అని సంబురపడ్తరు. ఈటీవీ అన్నదాతల బత్తాయి తోటకు మందు ఎప్పుడు కొట్టాల్నో చెప్పే పెద్దాయన అటేమో శుక్రవారం సినిమాకు రివ్యూ చెప్తుంటే ఎట్లుంటదో ఊహించుకోండ్రి, తుపాకులు లేపితే లేసి ఈలేసే మా థియేటర్ బ్యాచికి గీళ్లే సరైన క్రిటిక్కులు.

ఆడోళ్ల పాత్రలు తక్కువని ఒక మాట ఉంది, నిజమే, ఎక్కువ భాగం ఇద్దరే. కాని ఆండ్రియా మార్టిన్ వేసిన స్టేషన్ మేనేజర్ ఈడిత్ ప్రిక్లీ, చిరుతపులి మచ్చల కోటు, టోపీ, ఎగిరే మాటలు, ఆమె రాంగనే మగోళ్లందరు పక్కకు జరుగుతరు. ఒహారా చేసిన సింగర్ లోలా హెదర్టన్ ఇంకో లెవల్, ఆ చానల్లనే వచ్చే సామీ మాడ్లిన్ టాక్ షోకు గెస్టుగ వస్తది, అక్కడ అందరు ఒకరినొకరు ‘నువ్వు గొప్ప, కాదు నువ్వే గొప్ప’ అని పొగుడుకుంట ఏడుస్తుంటరు. మన ఆడియో ఫంక్షన్లు చూసినోళ్లకు సబ్ టైటిల్ కూడ అవసరం లేదు.

బాగలేనియి కూడ చెప్పాలె. నవ్వుల టేపు. ఎదురుంగ జనం లేకుండ తీసిన షో, అందుకని రికార్డు నవ్వు అతికిచ్చిండ్రు, నవ్వు రాని కాడ నవ్వు, వచ్చే కాడ మాటలు మింగే నవ్వు, కొన్ని ఎపిసోడ్లల్ల పిచ్చి లేస్తది. రెండోది, సగం పాత్రలు ఆనాటి అమెరికా టీవీ మనుషుల నకలు, బాబ్ హోప్ ఎవరో, మెర్వ్ గ్రిఫిన్ ఎవరో తెల్వకపోతే ఊరికే చూస్తుండాలె. మూడోది, వేరే దేశాల మనుషుల లెక్క రంగు పూసుకొని వేసిన కొన్ని వేషాలు ఇప్పుడు చూస్తే కడుపుల తిప్పుతది, అవి ముందుకు జరిపేసుడే మంచిది. నాలుగోది నిడివి. 1981ల అమెరికా ఎన్‌బీసీ తీసుకొని శుక్రవారం రాత్రి గంటన్నర చేసింది, గంటన్నర నింపనీకి పాత స్కిట్లు కూడ కలిపిండ్రు, అందుకని మొదట్ల కొన్ని సాగుతయి. రైటింగ్‌కు 1982ల, 1983ల అమెరికా టీవీల పెద్దదైన ఎమ్మీ అవార్డు వచ్చింది ఈ గంటన్నర రోజులకే, అంటే మంచిది ఎంత మంచిగుందో అర్థం చేసుకోండ్రి. ఆఖరుకు 1983, 84ల సినిమాక్స్ అనే అమెరికా పే చానల్ల ముప్పావు గంట షో నడిచి బంద్ అయింది.

దొరుకుడు కష్టమే. 2004ల డీవీడీలు వచ్చినయి గాని ఆ షోల వాడిన పాటల హక్కుల పంచాయితీ పెద్దది, అందుకని మొత్తం ఒక్కకాడ పెట్టి చూసే తీరు మన దగ్గర సక్కగ లేదు. నెట్‌ల ముక్కలు ముక్కలుగ దొరుకుతయి. ముక్కలుగ చూస్తే నవ్వొస్తది గాని ప్రోమోలు, యాడ్‌లు, ఓనర్ సతాయింపు అన్ని కలిసి ఒక చానల్ అయ్యే మజా పోతది, కాబట్టి దొరికినకాడికి పూర్తి ఎపిసోడే పట్టుర్రి. తెలుగు సబ్ టైటిల్స్ లేవు, వాటంతట అవే పడే ఇంగ్లీష్ అక్షరాలు ఈ పాత సౌండ్‌కు కౌంట్ ఫ్లాయిడ్ అరుపును కూడ ఏదో మాట అనుకొని రాస్తయి.

నా మార్కులు 5కు 4. ఆ ఒక్కటి నవ్వుల టేపుకు కోసిన. కొత్తగ చూసేటోళ్లు 1976 నుంచి వరసగ మొదలుపెట్టకుర్రి, రష్యా ఎపిసోడ్ ముందు చూడుర్రి, తర్వాత సమ్మెది, తర్వాత లారూ క్రిస్మస్. ఆ మూడు నచ్చకపోతే మిగతావి మీకు నచ్చయి, టైం వేస్ట్ చేసుకోకుర్రి. నచ్చితే మాత్రం మొదటి రెండు సీజన్ల అట్టముక్కల సెట్లు కూడ ముద్దొస్తయి.